ర్యాక్‌లోనా, కేంద్రంలోనా? : డేటా సెంటర్ స్విచ్‌ల చరిత్రలో ఫ్యాబ్రిక్ ఎక్స్‌టెండర్ స్థానం

ఉపోద్ఘాతం

డేటా సెంటర్లలో స్విచ్‌ల ఎంపికను సాధారణంగా వేగానికి, ధరకు సంబంధించిన అంశంగా పరిగణిస్తారు. కానీ ఈ ఎంపిక చరిత్రలో మరొక ప్రశ్న అంతర్లీనంగా ఉంది. ప్యాకెట్ ఎటు పోవాలో నిర్ణయించే అధికారం ఎక్కడ ఉండాలి? సర్వర్లున్న ర్యాక్‌లోనా, కేంద్ర స్విచ్‌లోనా? ఫ్యాబ్రిక్ ఎక్స్‌టెండర్ ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానాన్నీ, దాని పరిమితులనూ పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

రెండు పాత పద్ధతులు

తొలి పద్ధతిలో ర్యాక్‌ల వరుస చివర ఒక పెద్ద స్విచ్‌ను నిలిపి, ప్రతి సర్వర్ నుండి దానికి కేబుల్ లాగేవారు. నిర్వహించవలసిన పరికరాలు తక్కువే అయినా కేబుళ్ల భారం పెరిగేది. రెండవ పద్ధతిలో ప్రతి ర్యాక్ పైభాగాన ఒక చిన్న స్విచ్‌ను అమర్చేవారు. కేబుళ్లు కురచనయ్యాయి గాని, ఎన్ని ర్యాక్‌లుంటే అన్ని స్విచ్‌లకు విడివిడిగా అమరికలు, సాఫ్ట్‌వేర్ మార్పులు చేయవలసి వచ్చింది. అంటే కేబుళ్లపై తగ్గిన భారం సిబ్బందిపై పడింది.

ఎక్స్‌టెండర్ ఆవిర్భావం

2009లో సిస్కో సంస్థ నెక్సస్ 2000 శ్రేణితో ఈ రెండింటినీ సమన్వయించే ప్రయత్నం చేసింది. ఎక్స్‌టెండర్ భౌతికంగా ర్యాక్‌లోనే ఉంటుంది. పనితీరులో మాత్రం అది మాతృ స్విచ్‌కు దూరంగా అమర్చిన ఒక భాగం. దానికి సొంత అమరిక లేదు, సొంత నిర్ణయమూ లేదు. అందువల్ల ఒకే ర్యాక్‌లో పక్కపక్కన ఉన్న రెండు సర్వర్ల మధ్య ప్యాకెట్ కూడా మాతృ స్విచ్ దాకా వెళ్లి తిరిగి రావలసిందే. ఈ శ్రేణిలోని తొలి నమూనా 2148టిలో సర్వర్ల వైపు 48 గిగాబిట్ పోర్టులు, మాతృ స్విచ్ వైపు నాలుగు 10 గిగాబిట్ పోర్టులు ఉండేవి. 48 గిగాబిట్లకు 40 గిగాబిట్ల దారి, అనగా 1.2:1 నిష్పత్తి.

క్లోజ్ సిద్ధాంత పునరాగమనం

సర్వర్ల నుండి బయటి వినియోగదారులకు సాగే రాకపోకలు ప్రధానమైనంత కాలం ఈ ఏర్పాటు సరిపోయింది. సర్వర్ల పరస్పర సంభాషణ పెరిగేకొద్దీ ప్రతి ప్యాకెట్‌నూ పైకి పంపడం భారమైంది. పరిష్కారానికి మూలం టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలంలోనే ఉంది. చిన్న స్విచ్‌లను అంచెలుగా కలిపి పెద్ద స్విచ్‌తో సమానమైన సామర్థ్యం సాధించవచ్చని బెల్ లేబొరేటరీస్‌కు చెందిన చార్లెస్ క్లోజ్ 1953లో నిరూపించాడు. 2008లో అల్-ఫారెస్, లూకిసాస్, వాహ్దత్‌లు ఇదే సూత్రాన్ని డేటా సెంటర్‌కు అన్వయించి, 48 పోర్టుల సాధారణ స్విచ్‌లతో 27,648 సర్వర్లను కలపవచ్చని లెక్కకట్టారు. లీఫ్-స్పైన్‌గా ప్రసిద్ధమైన నిర్మాణంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. ఇందులో ర్యాక్‌లోని ప్రతి స్విచ్ స్వయంగా నిర్ణయం తీసుకుంటుంది. దీనితో పరికరాల సంఖ్య మళ్లీ పెరిగినా, అమరికలను సాఫ్ట్‌వేరే రాసే స్వయంచాలక పద్ధతులు సిబ్బంది భారాన్ని తగ్గించాయి.

ముగింపు

ఎక్స్‌టెండర్‌ను విఫల ప్రయోగంగా భావించడం సమంజసం కాదు. మానవ శ్రమ కూడా నెట్‌వర్క్ వ్యయంలో భాగమేనని అది గుర్తించింది. అయితే ఆ శ్రమను తగ్గించడానికి నిర్ణయాధికారాన్ని కేంద్రానికి తరలించింది. మాతృ స్విచ్ ఆగితే దానిపై ఆధారపడిన ర్యాక్‌లన్నీ ఆగే ప్రమాదాన్నీ దానితోపాటు స్వీకరించింది. అనంతర నిర్మాణాలు నిర్వహణను మాత్రమే కేంద్రీకరించి, నిర్ణయాన్ని ర్యాక్‌లోనే ఉంచాయి. నిర్వహణ, నిర్ణయం వేర్వేరు అంశాలన్న ఈ గ్రహింపే స్విచ్‌ల ఎంపికలో నేటికీ ప్రధాన ప్రమాణం.