ఓడ బాయిలర్ల నుంచి టీకొట్ల దాకా: సోమాలీ ప్రవాసుల మాటల చరిత్ర

సోమాలీల గురించి బయటివాళ్ళు రాసిన పుస్తకాల్లో తరచుగా ఒక మాట కనిపిస్తుంది: వాళ్ళు కవుల జాతి అని. 1854లో జైలా రేవు నుంచి హరార్ దాకా వెళ్ళిన రిచర్డ్ బర్టన్, ఆ దేశంలో ఎటు చూసినా కవులేనని 1856లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఆశ్చర్యపోయాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1954లో, కెనడా రచయిత్రి మార్గరెట్ లారెన్స్ సోమాలీ కవితలనూ కథలనూ ఇంగ్లీషులోకి తెచ్చింది. వీళ్ళ కృషిని తక్కువ చెయ్యనక్కర్లేదు. ఐతే మెచ్చుకోలుగా మొదలైన ఆ మాట కాలక్రమాన ఒక ముద్ర ఐంది. ముద్రపడిన తర్వాత మనకు కనిపించేది ఒంటెల మంద వెంట నడిచే పశుపాలకుడూ, అతని గంభీరమైన కవితా మాత్రమే. ఓడ అడుగున బొగ్గు ఎగదోస్తూ పక్కవాడి మీద విసిరిన ఎకసెక్కం కనపడదు. సామ్రాజ్యం పశుపాలకుణ్ణి చూసి ముచ్చటపడింది. కూలివాణ్ణి మాత్రం లెక్కల పుస్తకంలో అంకెగా రాసుకుంది. ఈ వ్యాసం ఆ రెండోవాడి గురించి.

సోమాలీలో వేళాకోళాన్ని కఫ్తాన్ అంటారు. ఈ వేళాకోళానికి పునాది మారుపేరు, వాళ్ళ భాషలో నానైస్. సోమాలీలకు మనలాగా ఇంటిపేర్లు లేవు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు: అంతే. తాతముత్తాతల వరస పిల్లలు కంఠస్థం చేస్తారు. పేర్లు చూస్తే చాలామట్టుకు మొహమ్మద్, అలీ, అహ్మద్. వాడలో పదిమంది మొహమ్మద్‌లుంటే ఎవరు ఎవరో తెలియాలి గనక ఒకడు పొడుగు మొహమ్మద్, ఒకడు పొట్టి మొహమ్మద్, ఇంకొకడు కుంటి మొహమ్మద్. మన ఊళ్ళలోనూ ఇది కొత్త కాదు. కాకపోతే మనం చాటున పిలిచే పేరు వాళ్ళు మొహం మీదే పిలుస్తారు. అది పత్రికల్లోకీ ప్రభుత్వ పత్రాల్లోకీ కూడా ఎక్కుతుంది. 1969 నుంచి 1991 దాకా దేశాన్ని ఏలిన నియంత సియాద్ బర్రేకి జనం పెట్టిన పేరు 'అఫ్వైనే', అంటే పెద్దనోరు. స్వాతంత్ర్య కాలపు మహాకవి అబ్దిల్లాహి సుల్దాన్‌ని 'తిమఅద్దె' అన్నారు, తెల్లజుట్టువాడని. 1940లలో బల్వో అనే కొత్త పాటల ఒరవడిని ప్రచారంలోకి తెచ్చిన అబ్ది దెఖ్సి ఒక లారీ డ్రైవరు. అతని మారుపేరు 'సినిమో'. అమెరికాలో బఫలో నగరంలో ఏళ్ళతరబడి ఉద్యోగం చేసుకుని, 2017లో స్వదేశానికి అధ్యక్షుడైన మొహమ్మద్ అబ్దుల్లాహిని లోకమంతా 'ఫర్మాజో' అనే పిలిచింది. జున్నుకు ఇటాలియన్లు వాడే మాట అది. ఇటలీ వలస పాలన దక్షిణ సోమాలియాలో వదిలిపోయిన మాటల్లో ఒకటి అలా అధ్యక్ష భవనం దాకా పోయింది.

పాలకుడికైనా కూలివాడికైనా మారుపేరు తప్పదు గనక ఇది సమానత్వమేనని తీర్మానించటానికి తొందరపడకూడదు. ఆ సంగతి చివర చూద్దాం.

1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక, అప్పటికే బొగ్గు నింపుకునే మజిలీగా ఉన్న ఏడెన్ రేవు ప్రాధాన్యం బాగా పెరిగింది. సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న సోమాలీ తీరాన్ని బ్రిటన్ 1884 నుంచి చేజిక్కించుకున్నది ప్రధానంగా ఏడెన్‌కి మాంసం సరఫరా ఆగకుండా చూసుకోవటం కోసం. 1898 దాకా ఆ తీరం మీద పెత్తనం భారత ప్రభుత్వానిదే; ఏడెన్ బొంబాయి ఆధిపత్యం కింద ఉండేది. అంటే మన దేశాన్ని పిండిన గానుగే వాళ్ళనూ పిండింది. కరువొచ్చి మందలు చచ్చిపోతే సోమాలీ యువకులు పడవెక్కి ఏడెన్ చేరేవాళ్ళు. అక్కడ ఓడల్లో నిప్పు ఎగదోసే పనిలో కుదిరేవాళ్ళు. ఎండదేశం మనుషులు బాయిలర్ల వేడికి తట్టుకుంటారన్నది ఓడ యజమానుల సిద్ధాంతం. తక్కువ కూలికి మనిషి దొరకటం అసలు సంగతి. అలా వేల్స్ బొగ్గు ఎగుమతి చేసే కార్డిఫ్ రేవులో, టైగర్ బే అని పేరుపడ్డ బ్యూట్‌టౌన్‌లో, సోమాలీ వాడ ఒకటి వెలిసింది.

ఆ వాడకు ఆయువుపట్టు బోర్డింగు ఇల్లు. ఒక ఓడ దిగి మరో ఓడ దొరికేదాకా నావికుడికి అక్కడే అప్పు మీద తిండీ పడకా. ఇంటి నుంచి వచ్చిన కబురు అక్కడికే చేరేది. సోమాలీలో ఇద్దరు కలిస్తే మొదటి పలకరింపు కుశలం కాదు, సమాచారం: నీ కబురేమిటో చెప్పు అని. ఎడారిలో వానెక్కడ పడింది, ఎవరి బావి ఎండింది అన్నది బతుకుకు సంబంధించిన ప్రశ్న గనక పుట్టిన పలకరింపు అది. కార్డిఫ్‌లో అదే పలకరింపుకి జవాబు మారింది: ఏ ఓడలో ఖాళీ ఉంది, ఏ కంపెనీ జీతం ఎగ్గొట్టింది. 1919 జూన్‌లో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన తెల్ల సైనికుల నిరుద్యోగం నల్లవాళ్ళ మీదికి మళ్ళించబడి, కార్డిఫ్, న్యూపోర్ట్, బారీ పట్టణాల్లో దాడులు జరిగాయి. కార్డిఫ్‌లో ముగ్గురు చనిపోయారు. నావికులుండే బోర్డింగు ఇళ్ళ మీద పడ్డారు. 1925లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం నల్లజాతి నావికుడు తాను బ్రిటిషు ప్రజనని కాగితం చూపించలేకపోతే విదేశీయుడే. సామ్రాజ్యంలో పుట్టి, సామ్రాజ్యపు ఓడలో పనిచేస్తూ, సామ్రాజ్యపు రేవులో పరాయివాడు. ఈ కాలంలోనే ఇబ్రహీం ఇస్మాయిల్ అనే నావికుడు తన జీవితకథ రాసిపెట్టాడు. అది అచ్చయింది 1977లో. శ్రామికుడి ఆత్మకథకు అచ్చుమొహం చూడటానికి యాభై ఏళ్ళు పట్టటంలో ఆశ్చర్యం లేదు.

మాటకారితనం ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నదానికి మహమూద్ మత్తాన్ కేసును మించిన ఉదాహరణ లేదు. బ్యూట్‌టౌన్‌లో ఉంటున్న ఈ మాజీ నావికుణ్ణి, 1952 మార్చిలో ఒక దుకాణదారును చంపాడన్న నేరం మీద పట్టుకున్నారు. అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం. దుబాసీని ఇవ్వలేదు. అతని తరఫున వాదించవలసిన వకీలే జ్యూరీ ముందు అతన్ని సగం అనాగరికుడని వర్ణించాడు. 1952 సెప్టెంబరు 3న కార్డిఫ్ జైల్లో ఉరితీశారు. ఆ జైల్లో ఉరితీయబడ్డ చివరి మనిషి అతనే. 1998లో అప్పీలు కోర్టు ఆ శిక్ష చెల్లదని కొట్టేసింది. తన వాడలో నోరున్న మనిషి కోర్టులో మూగవాడయ్యాడు. నదీఫా మొహమ్మద్ ఈ కేసు ఆధారంగా రాసిన 'ది ఫార్చ్యూన్ మెన్' నవల 2021లో వచ్చింది. ఆమె తండ్రి కూడా నావికుడే, మత్తాన్‌ని ఎరిగినవాడే. సాహిత్య విద్యార్థులు ఆ నవలను తీర్పుకోసం కాక, వాడలోని మాటలకోసం చదవాలని నా అభిప్రాయం.

ఇక్కడ రూపం గురించి కొంచెం చెప్పాలి. సోమాలీ కవితకు ప్రాణం మనం యతి అనుకోదగ్గ ఒక నియమం. ఐతే మన యతి పాదపాదానికీ మారుతుంది. వాళ్ళది కవిత మొదటి నుంచి చివరిదాకా ఒకే అక్షరం. వంద పాదాలైనా అంతే. ఈ నియమం వల్ల కవిత ఒకసారి వింటే మనసులో నాటుకుంటుంది, ఒక్క మాట మార్చినా బయటపడుతుంది. లిపి లేని భాషకు ఇది తాళంచెవి. 1972లో లాటిన్ లిపి అధికారికంగా వచ్చింది. ఛందస్సు లెక్క ఇదీ అని కవి మొహమ్మద్ హాషి 'గారియె' 1976లో పత్రికలో నిరూపించాడు. కాని లిపి వచ్చిన ఆ దశాబ్దంలోనే కవిత కాగితాన్ని దాటేసి టేపుల్లోకి దూకింది. 1979లో గారియె మొదలుపెట్టిన 'దేల్లెయ్' అనే కవితల గొలుసులో ఒకరికి ఒకరు జవాబు చెపుతూ పదుల సంఖ్యలో కవులు చేరారు. అందరూ ద అక్షరం మీదే. కులగణాల పెత్తనం మీదా, దాన్ని వాడుకునే ప్రభుత్వం మీదా అది వాదం. అచ్చువేసే ధైర్యం ఎవరికుంది? క్యాసెట్లు చేతులు మారాయి. చమురు డబ్బు కోసం సౌదీకీ గల్ఫుకీ పోయిన కూలీలు, లండన్‌లోని పాత నావికులు అదే టేపు విన్నారు. ఉత్తరం రాయటం చేతకానివాళ్ళు తమ క్షేమసమాచారాన్నీ, మధ్యమధ్య మరదలి మీద వేళాకోళాన్నీ టేపుమీద పలికి పంపేవాళ్ళు. ఉత్తరంకంటే అదే నయం. గొంతులో వణుకు కూడా వెళ్తుంది. ఏడెన్‌లో బడి చదివినప్పుడు మాటకు తండ్రి అన్న అర్థంతో 'హద్రావి' అని పేరు తెచ్చుకున్న మహాకవి 1973 నుంచి అయిదేళ్ళు నిర్బంధంలో ఉన్నాడు. ఆయనను నిర్బంధించిన ప్రభుత్వం ఆయన గొంతు రేవులు దాటకుండా ఆపలేకపోయింది. 1981లో నియంతను ఎదిరించే సోమాలీ జాతీయ ఉద్యమం పుట్టింది కూడా లండన్‌లోనే.

అదే టేపు విషం కూడా మోసింది. ఫలానా గణం వాళ్ళే శత్రువులని రెచ్చగొట్టిన పద్యాలూ అదే దారిన ప్రయాణం చేశాయి. ప్రజల మౌఖిక సాహిత్యం అన్నంతమాత్రాన అది ప్రజల పక్షమే అనుకునే అభ్యుదయ విమర్శకులు ఈ భాగం దాటవెయ్యకూడదు.

1988లో ప్రభుత్వమే హర్‌గేసా నగరం మీద బాంబులు వేసింది. 1991 జనవరిలో ప్రభుత్వం కూలింది, దేశమూ చెదిరిపోయింది. కెన్యాలో దదాబ్ శిబిరాలు ఆ ఏడే మొదలయ్యాయి. అక్కడినుంచి నైరోబీలోని ఈస్ట్‌లీ, లండన్, టొరంటో, మినియాపొలిస్. మన హైదరాబాదులోనూ టోలిచౌకి వైపు సోమాలీ విద్యార్థులూ శరణార్థులూ కనిపిస్తారు. శిబిరంలో కూచుని పరదేశం కోసం తహతహలాడే స్థితికి దదాబ్ జనం 'బూఫిస్' అని పేరుపెట్టారు; గాలి ఊది ఉబ్బించటం అన్న క్రియలోంచి పుట్టిన మాట అది. శరణార్థిని జాలిగా వర్ణించిన ఎన్ని నివేదికలైనా ఈ ఒక్క మాటకు సాటిరావు. ఎందుకంటే ఇది ఉబ్బినవాళ్ళే తమ మీద వేసుకున్న చతురు. అమెరికా చేరాక కాగితాల్లో పుట్టినరోజు తెలియనివాళ్ళకి జనవరి 1 అని రాశారు. ఇంటిల్లిపాదీ ఒకేరోజు పుట్టారన్న హాస్యం అప్పటినుంచి చెల్లుబాటులో ఉంది.

ప్రవాస నగరాల్లో మగవాళ్ళు టీకొట్లలో, కాఫీ దుకాణాల్లో గుంపుగా చేరి రాజకీయం మాట్లాడతారు. దీనికి పేరు 'ఫధి కు దిరిర్', అంటే కూచుని కొట్టుకోవటం. యాలకులూ లవంగాలూ వేసిన పాల టీ చల్లారిపోతుంది, మొగదీషులో ప్రభుత్వాలు మూడుసార్లు మారతాయి. ఒకప్పుడు అధికారి, ఇప్పుడు టాక్సీ డ్రైవరు. ఆ బల్ల దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే. పోయిన హోదా మాటల్లో కాసేపు తిరిగొస్తుంది. ఆ పేరులోని వెటకారం ఎవరిదో నిశ్చయంగా చెప్పలేం గాని, ఆడవాళ్ళ నోట బాగా పలుకుతుంది. బ్రిటన్‌లో ఖాత్ ఆకు నమిలే అడ్డాలను మూయించాలని గట్టిగా అడిగినవాళ్ళలో సోమాలీ స్త్రీలున్నారు. 2014లో ఆ ఆకు నిషిద్ధమైంది. ఆడవాళ్ళ సభ వేరు. దాని ఆర్థిక రూపం 'అయూతో': మన చీటీల్లాంటిదే, ఐతే పాట ఉండదు, వడ్డీ ఉండదు, నెలకొకరు చొప్పున మొత్తం తీసుకుంటారు. పేరు ఇటాలియన్ది, సహాయం అని అర్థం. దాని సాహిత్య రూపం బురాన్‌బుర్, స్త్రీలకే ప్రత్యేకమైన ఛందస్సు. పెళ్ళిళ్ళలో డప్పు మీద పెళ్ళికొడుకు వంశాన్ని పొగుడుతూనే, నాలుగు చురకలు అంటిస్తారు. మగవాళ్ళ కవితను టేపులకెక్కించిన పండితులు దీన్ని చాలాకాలం పక్కన పెట్టారు.

వరసల విషయంలో మన చెవికి సోమాలీ చాలా దగ్గరగా వినిపిస్తుంది. బాబాయి వేరు, మేనమామ వేరు; ఇంగ్లీషులోలాగా ఒకే గంపలో వెయ్యరు. తల్లి చెల్లెల్ని మనం పిన్ని, చిన్నమ్మ అన్నట్టే వాళ్ళు 'హబర్‌యర్' అంటారు, చిన్న తల్లి అని. తల్లి బిడ్డను 'హోయో' అని పిలుస్తుంది, అంటే అమ్మా అని. లండన్ బడిలో పంతులమ్మకు ఇది అర్థంకాదు. మనకు చెప్పనక్కర్లేదు. అక్కడే పెరిగిన పిల్లల్ని కొత్తగా దిగినవాళ్ళు 'ఫిష్ అండ్ చిప్స్' అని ఏడిపిస్తారు. మరీ చెయ్యిదాటిపోతున్నాడనుకున్నవాణ్ణి స్వదేశంలో చుట్టాలింటికి పంపితే 'ధఖన్ సెలిస్' అంటారు, సంస్కృతికి మళ్ళించటం అని. పిల్లల మధ్య అది హాస్యం, ఇంట్లో బెదిరింపు. ఇంతలో ఆ పిల్లలే 'వల్లాహి' అనే ఒట్టును టొరంటో, లండన్ వీధుల్లో అన్ని జాతుల కుర్రకారు నోటికీ అంటించారు.

ఇక వాయిదా వేసిన ప్రశ్న. పొడుగువాణ్ణి పొడుగు అనటం వేరు. జుబ్బా నది లోయలో సేద్యం చేసే బంటూ సోమాలీల్ని 'జరేర్' అనటం వేరు. గట్టిజుట్టు వాళ్ళని దాని అర్థం. వీళ్ళలో చాలామంది పూర్వీకుల్ని 19వ శతాబ్దంలో తూర్పు ఆఫ్రికా తీరం నుంచి బానిసలుగా తెచ్చారు; బానిస అన్న తిట్టు నేటికీ వాళ్ళను వదల్లేదు. తోలుపనీ కమ్మరం చేసే కులాలవాళ్ళతో మిగతా గణాలు పిల్లనిచ్చి పుచ్చుకోవు. మొదటిది మనిషికి పెట్టిన పేరు. అతను తిరిగి నీకొకటి పెట్టగలడు. రెండోది గుంపుకి పెట్టిన పేరు. దానికి బదులు చెప్పే హక్కు వాళ్ళకు లేదు. రంగూన్ రేవులో పనిచేసిన తెలుగు కూలీలందర్నీ కోరంగి రేవు పేరుమీద కోరంగీలని కుదించి పిలిచినప్పుడు, 1930లో అక్కడ వాళ్ళ మీద దాడులు జరిగినప్పుడు, ఆ రెండో రకం పేరు ఏం చెయ్యగలదో మనవాళ్ళూ చూశారు. ఇంటిదగ్గర కులం పేరుతో పిలిపించుకున్నవాళ్ళు అంతకుముందే చూశారు.

2003 నుంచి అమెరికా పన్నెండువేల పైచిలుకు బంటూ సోమాలీలకు పునరావాసం ఇచ్చింది. శిబిరంలో వాళ్ళను కిందికి చూసిన గణాలవాళ్ళే ఇక్కడ కూడా ఇరుగుపొరుగు. ఒకే మసీదు, ఒకే కిరాణాకొట్టు. 'బంటూ సోమాలీ' అన్న పేరు యుద్ధం తర్వాత సహాయ సంస్థల ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. కాగితాల కోసం వాళ్ళు దాన్ని తీసుకున్నారు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు కొందరు ఆ పాత తిట్టునే తీసుకుని దాని చివర పెద్ద అని అర్థమిచ్చే మాట తగిలించి 'జరేర్‌వైనే' అనుకుంటున్నారు. నియంతను పెద్దనోరు అన్నప్పుడు జనం వాడిన 'వైనే' కూడా ఆ మాటే.