వెండి నాణెం మీద ఆడవారి బొమ్మలు

వెండి గిన్నె కొనేటప్పుడు ముందుగా మన కళ్ళు పడేది నగిషీ మీద. ఆ తరువాతే వెండి ఎంత, కల్తీ ఎంత అని అడుగుతాం. పూర్వం రోమనుల వెండి నాణేల కథా ఇంచుమించు ఇంతే.

క్రీ.పూ. 211 ప్రాంతంలో రోము నగరంలో 'దెనారియస్' అనే వెండి నాణెం పుట్టింది. బొటనవేలి గోరంత ఉంటుంది. తూకం నాలుగు గ్రాముల చిల్లర. ఒకవైపు శిరస్త్రాణం ధరించిన రోమాదేవి, రెండోవైపు గుర్రాలెక్కిన కవల దేవతలు. మన అశ్వినీ దేవతల్లాంటి వారన్నమాట. టంకశాల జూనో మొనేటా అమ్మవారి గుడి చెంత ఉండేది. ఇంగ్లీషులో డబ్బుని 'మనీ' అంటారే, ఆ మాట ఈ అమ్మవారి పేరులోంచి వచ్చిందే!

ఆ రోజుల్లో వార్తాపత్రికలు లేవు కదా! పాలకులు చెప్పదలచుకున్నది నాణెం మీద బొమ్మగా వేస్తే సంతలో కూరలమ్మే ఆమె చేతికి కూడా చేరేది. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు బతికుండగానే తన ముఖం వేయించుకున్నాడు. ఆ ఏడే ఆయన్ని పొడిచి చంపారు. చంపినవారిలో ఒకడైన బ్రూటస్ రెండు బాకులు, వాటి నడుమ స్వేచ్ఛకు గుర్తుగా ఒక టోపీ ఉన్న నాణెం వేయించాడు. హత్యని కూడా ఘనకార్యంగా చాటుకున్నాడు చూడండి!

మరి దేవతలకు దొరికిన చోటు ఇల్లాళ్ళకు దొరికిందా? దొరికింది, కాని ఆలస్యంగా, అదీ రాణులకే. ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి భార్య ఫాస్టీనా క్రీ.శ. 140 ప్రాంతంలో కన్నుమూసింది. ఆమె పేరిట పేద ఆడపిల్లల పోషణకు ఆయన ధర్మనిధి పెట్టి, ఆ సంగతి నాణేల మీద వేయించాడు. కొడుకులే కావాలనుకునే లోకంలో ఆడపిల్లలు నాణెం కెక్కడం చిన్న విషయమా?

తరువాత సెప్టిమియస్ సెవెరస్ తన భార్య జూలియా డోమ్నాను 'సైనిక శిబిరాల తల్లి' అని నాణేలపై కీర్తించాడు. బిరుదు గొప్పదే. కాని అప్పటికి ఆ నాణెంలో వెండి సుమారు సగమే! మిగతాది రాగి. సైన్యానికి జీతాలు పెంచి, ఉన్న వెండితోనే ఎక్కువ నాణేలు కొట్టించారు.

ఈ తేడా మన దేశంలో దొరికిన నాణేల్లోనూ కనబడుతుంది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1500 పైచిలుకు రోమను వెండి నాణేలు బయటపడ్డాయి. అవి ఎక్కువగా అగస్టస్, టైబీరియస్‌ల కాలానివి, దాదాపు మేలిమి వెండివి. టైబీరియస్ నాణెం వెనుక కూర్చున్న స్త్రీ ఆయన తల్లి లివియా అని చాలామంది పండితులు అంటారు. వెండి తగ్గిన తరువాతి నాణేలు దక్షిణాదిన అంత విరివిగా దొరకవు. అగ్గువ వెండి పైన ఎంత గొప్ప రాణి బొమ్మ ఉన్నా వర్తకులు ఊరికే మోసపోరు కదా!

అమ్మలారా, ఈసారి మ్యూజియంకి వెళ్ళినప్పుడు పిల్లలకి నాణెం మీది బొమ్మ చూపించండి. ఆ బొమ్మ ఎవరు వేయించారు, ఎందుకు వేయించారు అని కూడా అడగడం నేర్పండి.