బజారు ఎంత దూరము?

నగరముల చరిత్ర వ్రాయువారు కోటలను, మసీదులను, రాజుల రాకపోకలను వర్ణించుచుందురే గాని, ఆ నగరమున కాపురమున్న గృహస్థు ఉప్పుకు, చింతపండుకు, చెప్పుల మరమ్మతుకు ఎంత దూరము పోవలసి వచ్చెడిదో లెక్క కట్టినవారు అరుదు. మన హైదరాబాదునకు నాలుగు శతాబ్దములకు మించిన చరిత్ర కలదు. ఈ కాలమున ఇంటికిని బజారునకును నడుమ దూరము ఎట్లు పెరిగినదో, ముఖ్యముగా ఎవరికి పెరిగినదో విచారించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరమును స్థాపించినపుడు చార్మినారును నడుమ నుంచి నాలుగు దిక్కులకును నాలుగు రాజమార్గములు తీయించెను. పథక రచన మంత్రియైన మీర్ మోమిన్‌దని చెప్పుదురు. ఆ మార్గముల కిరువైపుల 14,000 దుకాణములు ఉండెనని పాత చరిత్రకారులు వ్రాసినారు. సంఖ్యయందు కొంత అతిశయోక్తి ఉండవచ్చును. అంగళ్లకు చోటు ముందుగా చూపి, వాని వెనుక మొహల్లాలు పెరుగనిచ్చినారన్నది మాత్రము స్పష్టము. గోలకొండ కోటలో ఇరుకై, పురానాపుల్ దాటి వచ్చిన జనమునకు మొదట కావలసినది బజారే గదా!

18వ శతాబ్దమున ఈ నగరము చుట్టును రాతిగోడ లేచినది. ముబారిజ్‌ఖాన్ ఆరంభించిన ఆ పనిని మొదటి అసఫ్‌జా పూర్తి చేయించెను. గోడ చుట్టుకొలత ఇంచుమించు 6 మైళ్లు. చిన్ననాటి క్షేత్రగణితము జ్ఞప్తియున్న శ్రోతలు ఇట్టే చెప్పగలరు: చుట్టు 6 మైళ్లయినచో నడిబొడ్డు నుండి గోడ వరకు ఒక మైలుకు మించదు. అనగా అరక్రోసు, నిదానముగ నడచినను ఇరువది, ఇరువదియైదు నిమిషములు. గోడ లోపలి నగరమున ఏ ఇంటివారైనను చార్మినారు వద్దకు పోయి పని చూచుకొని, పొయ్యిమీది కూర దించు వేళకు తిరిగి రావచ్చును. నాటి ద్వారములలో దబీర్‌పురా దర్వాజా, పురానాపుల్ దర్వాజా నేటికిని నిలిచియున్నవి. ఒకదాని నుండి రెండవదానికి నడచినచో పాత నగరపు కొలత కాళ్లకే తెలియును.

అన్నింటికిని బజారునకు పోవలసిన అగత్యమును లేకుండెను. పాలు, కూరలు, గాజులు, మట్టికుండలు, పూలు ఇవి అన్నియు నెత్తి గంపలమీదనో, కావడులమీదనో, తరువాతి కాలమున తోపుడు బండ్లమీదనో గుమ్మము వద్దకే వచ్చెడివి. ఘోషా పాటించు స్త్రీలు అరుదుగా బయలుదేరినపుడు తెర కట్టిన రిక్షాలో పోయెడివారు. వారికి బజారు ఎంత దగ్గరనున్నను దూరమే. దూరమును మైళ్లతో మాత్రమే కొలిచినచో ఈ సంగతి మనకు దొరకదు.

గోడ వెలుపల కూడ బజారులు పుట్టినవి. నది కుత్తరమున బేగంబజారు టోకు వర్తకమునకు స్థావరమైనది. బ్రిటిషు రెసిడెన్సీ చుట్టును పెరిగిన రెసిడెన్సీ బజారు 1933లో నిజాము ప్రభుత్వమునకు తిరిగి దక్కి సుల్తాన్‌బజారను పేరు ధరించెను. 1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటు వేరొక లోకము. దాని మొండా మార్కెట్టు, జనరల్ బజారు దానివే. రెండు నగరముల నడుమ హుస్సేన్‌సాగరము. రెంటికిని రెండు కడుపులు, రెండు బజారులు.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాది ప్రజలను పొట్టన పెట్టుకొన్నది. మృతుల లెక్క ముందు బజారు లెక్క చిన్నదే. అయినను నదిమీది వంతెనలలో మూడు తెగిపోయి పురానాపుల్ ఒక్కటి నిలిచిన ఆ దినములలో, ఆవలి ఒడ్డున కనపడుచున్న అఫ్జల్‌గంజికి పోవలసినవాడు ఎంత చుట్టు తిరిగియుండునో ఊహింపవచ్చును. ఈ విపత్తు తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాలు, 1912లో నగరాభివృద్ధి సంస్థ, రెండు జలాశయములు క్రమముగా వచ్చినవి. ఆ సంస్థ ఇరుకు మొహల్లాలను తొలగించి వీథులను వెడల్పు చేసినది. పత్తర్‌గట్టి రాతి దుకాణముల వరుస ఆ కృషి ఫలమే. 1935లో మొజంజాహి మార్కెట్టు వెలసినది. ఆరోగ్యదృష్ట్యా ఇది మేలైన పనియే అని మా అభిప్రాయము. కాని ఇండ్లు పోయినవారు కొత్తచోట కాపురము పెట్టుకొన్నపుడు వెనుకటి అంగడి వారితో కూడ రాలేదు.

మన పెద్దలు కర్మలను నిత్యములు, నైమిత్తికములు అని విభజించినారు. బజారు పనులకును ఆ విభజన చక్కగా సరిపోవును. ఉప్పు, పప్పు, కూర, మందు నిత్యములు. పెండ్లి పట్టుచీర, పండుగ బట్టలు, బంగారము, పాత్రలు నైమిత్తికములు. నైమిత్తికమునకు దూరము పోవుట ఎల్లకాలములందును ఉన్నదే; అందొక సంబరము కూడ కలదు. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణాశాఖను ఆరంభించినపుడు పెరిగినది ఈ నైమిత్తిక దూరమే. సికింద్రాబాదు వారు సుల్తాన్‌బజారునకును, పాతబస్తీ వారు జనరల్ బజారునకును పోవ మొదలిడిరి. నిత్యము మాత్రము వీథి మలుపునే యుండెను. (మన బస్సుల సంఖ్యలలో కనపడు ‘జడ్’ అను అక్షరము నిజాము తల్లి జెహ్రా బేగమ్ పేరనుండి వచ్చినదని ప్రతీతి. ఒక రాజమాత పేరు ఇంతమంది సంచులను మోసిన ఉదాహరణము వేరొకటి ఉండదేమో!)

నిత్యము దూరమగుట కొండలపై మొదలైనది. 1930ల ప్రాంతమున నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్ రాళ్ల నడుమ ఇల్లు కట్టుకొని ఇతరులకు దారి చూపెను. 1960ల దశకమున జూబిలీహిల్స్ సహకార గృహ నిర్మాణ సంఘము ఏర్పడినది. చల్లనిగాలి, విశాలమైన ఆవరణ, నిశ్శబ్దము అన్నియు ఉన్నవి. అగ్గిపెట్టె కొనుటకు దుకాణము మాత్రము దగ్గర లేదు. ఆ ఇంటి యజమానికి కారు గలదు గనుక అది లోటుగా తోచలేదు. లోటు తెలిసినది వంటమనిషికి, తోటమాలికి. సరిగా అదే దశకమున రామచంద్రాపురము వద్ద బి.హెచ్.ఇ.ఎల్. వంటి ప్రభుత్వ కర్మాగారములు కట్టిన కాలనీలలో అంగళ్లు, బడి, ఆసుపత్రి ఇంటికి నడకదూరముననే అమర్చబడినవి. ఒకే నగరము, ఒకే కాలము. పథకము వేసినవారు ఎవరి కాళ్లను తలచుకొనిరి అన్నదానిలోనే భేదమంతయు ఉన్నది.

అటుపిమ్మట నివాసులే గాక బజారులును ప్రయాణము కట్టినవి. మొజంజాహి మార్కెట్టునందలి పండ్ల టోకు వ్యాపారము 1986లో గడ్డిఅన్నారమునకు పోయెను. నాడది ఊరి చివర. ఊరు దానిని చుట్టుముట్టగా 2021లో అక్కడనుండి కదలి విజయవాడ రహదారిపైని బాటసింగారమునకు చేరినది. లారీలకు అది సుఖము. మామిడిపండ్ల కాలమున చౌకగా ఒక బుట్ట కొనదలచిన చిల్లర వర్తకునకు అదనపు కిరాయి.

1998లో సైబర్ టవర్సు, 2007లో మహానగర పాలకసంస్థ, పిమ్మట 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చినవి. 170 చదరపు కిలోమీటర్ల ప్రాంతపు నగరపాలనము 2007లో ఒక్కసారిగా 600 దాటినది. కొత్త పేటలలో నివాసములు ముందు వచ్చి, అంగళ్లు వెనుక వచ్చినవి. మీర్ మోమిన్ వరుస తలక్రిందులైనదన్నమాట. కాపురము పెట్టినవారు వారమునకు సరిపడు సరుకు ఒకేమారు తెచ్చుకొనుటకు కారు తీయసాగిరి. నిత్యము నైమిత్తికమైపోయినది. శీతలయంత్రము పెద్దదగుటకును, దుకాణము దూరమగుటకును సంబంధము లేకపోలేదు.

ఈ మార్పు అందరిపై ఒక్కరీతిగా పడలేదు. వాహనము ఒక్కటేయై దానిని కార్యాలయమునకు భర్త తీసికొనిపోయిన ఇంట, పగటివేళ భార్యకును వృద్ధులకును బజారు ఎంత దూరము? 1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజారులకు మెహదీపట్నము, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి ప్రాంతములలో సంచులు పట్టుకొని బస్సులలో వచ్చినవారిని చూచిన ఈ ప్రశ్నకు జవాబు కొంత దొరకును. 2023 డిసెంబరు 9న తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణము ఉచితమైనపుడు పలువురు దానిని ఖర్చు లెక్కతోనే చూచిరి. మెట్రో 2017 నవంబరులో వచ్చినది. కాని కూరల సంచితో స్టేషను మెట్లెక్కుట వయసు మీరినవారికి వేరు సంగతి.

ఇంతలో ఎవరును పథకము వేయకయే ఒక పాత పద్ధతి తిరిగి మొలకెత్తినది. కాలనీలలో వారమున కొకనాడు, ఒకచోట సోమవారము, వేరొకచోట గురువారము, సాయంకాలము వీథి పొడవున కూరల సంత కూడును. పల్లెటూరి అంగడి క్రమమే ఇది. పురానాపుల్ వద్ద జుమ్మెరాత్‌బజారు పేరులోని గురువారము కూడ అదియే చెప్పుచున్నది. రాత్రికి వర్తకులు దీపములు, పట్టలు సర్దుకొని మరునాటి పేటకు బండి తోలుకొనిపోవుదురు.

ఇక కొందరి ఇండ్లకు నేడు చేతిలోని ఫోనుపై వ్రేలు మోపిన పది, పదిహేను నిమిషములలో పాలపొట్లము వచ్చుచున్నది. పూర్వము గంపలో వచ్చిన పాలే ఇపుడు మోటారుసైకిలుపై వచ్చినవి. గృహస్థు కదలలేదు గాని దూరము తరగలేదు. అది గోదాము నుండి గుమ్మము వరకు, మరల గుమ్మము నుండి గోదాము వరకు, వానలోను ఎండలోను ఆ కుర్రవాని ఖాతాలో చేరుచున్నది.