లిఫ్ట్ అడిగిన మనిషి

1940లో ఒక జంట బ్రూక్లిన్ నుంచి కాలిఫోర్నియాకి కారులో బయలుదేరింది. భర్త బెర్నార్డ్ హెర్మన్, సీబీఎస్ రేడియోలో సంగీత దర్శకుడు. భార్య లూసీల్ ఫ్లెచర్, అదే సీబీఎస్‌లో టైపిస్టుగా పనిచేసి రచనలోకి దిగిన మనిషి. బ్రూక్లిన్ వంతెన మీద వాళ్లకి ఎవరో వింత వాలకం మనిషి కనబడ్డాడు. న్యూజెర్సీలో పులాస్కీ స్కైవే ఎక్కాక మళ్లీ అతనే. ఆ తర్వాత దారి పొడుగునా ఎక్కడా లేడు.

దాన్నేం చెయ్యాలో ఫ్లెచర్‌కి ఏడాది దాకా తోచలేదు. మొదటి కూతురు పుట్టిన కొత్తలో, దయ్యం కథ చేస్తే బావుంటుందనిపించింది. అలా పుట్టిన రేడియో నాటకం ‘ది హిచ్‌హైకర్’. నటుడు ఆర్సన్ వెల్స్ గొంతుని దృష్టిలో పెట్టుకునే రాసింది. సంగీతం ఇంట్లోనే ఉంది, హెర్మన్ సమకూర్చాడు. 1941 నవంబర్ 17న సీబీఎస్‌లో మొదటిసారి ప్రసారమైంది.

కథ తెలియనివాళ్లు ముందు నాటకం విని రావడం మంచిది, ఎందుకంటే గుట్టు విప్పకుండా దీని గురించి మాట్లాడలేం.

రోనాల్డ్ ఆడమ్స్ అనే కుర్రాడు తల్లి దగ్గర సెలవు తీసుకుని ఒంటరిగా కాలిఫోర్నియాకి బయలుదేరతాడు. వానలో బ్రూక్లిన్ వంతెన దాటుతుంటే చవకబారు సంచీతో ఒక బక్కమనిషి, భుజాల మీద చినుకులు. వందల మైళ్లు దాటాక మళ్లీ అతనే లిఫ్ట్ అడుగుతూ నిలబడతాడు. భుజాల మీద ఆ చినుకులు ఇంకా ఆరలేదు. నా మటుకు నాకు నాటకం మొత్తంలో ఒళ్లు జలదరించేది ఇక్కడే. కారు వేగం ఎంత పెంచినా అతను ముందే అక్కడ ఉంటాడు. చివరికి న్యూమెక్సికోలో గాలప్ దగ్గర రోనాల్డ్ ఇంటికి ఫోన్ చేస్తాడు. అమ్మ గొంతు వింటే మనసు కుదుటపడుతుందని ఆశ. 3 డాలర్ల 85 సెంట్లు వెయ్యమంటుంది ఆపరేటర్. ఒక్కో నాణెం టంగుమంటూ పడుతుంటుంది, మనం కాచుకుని ఉంటాం. తీరా అవతల పలికింది ఎవరో పరాయి ఆవిడ. ఆరు రోజుల కిందట కొడుకు రోనాల్డ్ బ్రూక్లిన్ వంతెన మీద కారు ప్రమాదంలో పోయాడనీ, ఆ దిగులుతో తల్లి ఆస్పత్రి పాలైందనీ చెబుతుంది.

లిఫ్ట్ అడిగి, ఎక్కి, మాయమయ్యే దయ్యం కథలు అమెరికాలో అప్పటికే బోలెడు. రిచర్డ్ బియర్డ్స్‌లీ, రోసలీ హ్యాంకీ అనే పరిశోధకులు అలాంటివి 79 పోగుచేసి, 1942లో ఒక జానపద పత్రికలో వ్యాసం ప్రచురించారు. వాటిలో దయ్యం కారెక్కుతుంది. ఫ్లెచర్ నాటకంలో స్టీరింగు ముందు కూర్చున్నవాడే పోయినవాడు.

ఈ మెలిక రేడియోకే చెల్లింది. దయ్యాన్ని గుర్తుపట్టాలంటే పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమో చూడమంటారు మనవాళ్లు. రేడియోలో పాదాలెక్కడివి? ‘నేను’ అంటూ ఒక గొంతు మొదలుపెడితే, అది బతికున్న మనిషిదేనని మనమే ఒప్పేసుకుంటాం. దానికి తోడు వెల్స్ నింపాదిగా, తన తెలివి తన దగ్గరే ఉందన్నట్టు చెప్పుకుపోతుంటే అనుమానం ఎలా వస్తుంది?

1942 సెప్టెంబర్ 2న ‘సస్పెన్స్’ కార్యక్రమంలో, 1946లో తన రేడియో కార్యక్రమం ‘మెర్క్యురీ సమ్మర్ థియేటర్’లో వెల్స్ ఈ నాటకాన్ని మళ్లీ మళ్లీ ఆడాడు. ఫ్లెచర్ ఈలోగా ‘సారీ, రాంగ్ నంబర్’ రాసి మరింత పేరు తెచ్చుకుంది. ఆ నాటకమూ ఫోను చుట్టూనే.

1960 జనవరిలో రాడ్ సెర్లింగ్ ఈ కథని ‘ట్విలైట్ జోన్’ అనే టీవీ ధారావాహికలోకి తెచ్చాడు. రోనాల్డ్‌ని నాన్ అనే అమ్మాయిగా మార్చాడు. ఇంగర్ స్టీవెన్స్ ముఖం, ఆ కారు, ఆ రోడ్డు అన్నీ తెర మీద చూపించే వీలున్నా, ఆమె మనసులో మాటని మాత్రం వెనకనుంచి గొంతుగానే వినిపించాడు.