వెనీలాను కాయించిన కుర్రాడు

మెక్సికో తూర్పు తీరపు అడవుల్లో పుట్టిన వెనీలా తీగ 1819 తర్వాత ఓడలెక్కి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి చేరింది. అప్పుడా దీవి పేరు బూర్బన్. ఏలుబడి ఫ్రాన్సుది. తీగ చెట్ల మీదికి పాకింది, ఏపుగా ఎదిగింది, పూసింది. కాయలేదు. ఇరవై ఏళ్లు గడిచినా అదే తీరు. తోటల యజమానులు కోరుకున్న పరిమళమంతా కాయలోనే ఉంది మరి!

అడ్డంకి పువ్వులోనే ఉంది. పుప్పొడి ముద్దకూ, దాన్ని అందుకోవలసిన కీలాగ్రానికీ మధ్య ఒక పలుచని పొర తలుపులా అడ్డం నిలుస్తుంది. పైగా పువ్వు పొద్దున్నే విచ్చి ఆ రోజుతోనే వాడిపోతుంది. 1836లో చార్లెస్ మోరెన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు బెల్జియంలో చేత్తో పరాగ సంపర్కం చేసి కాయలు కాయించాడు గానీ, ఆ విద్య దీవి తోటలకు అక్కరకు రాలేదు.

అక్కరకొచ్చింది ఎడ్మండ్ విద్య. 1829లో ఆ దీవిలోని సెయింట్ సుజాన్‌లో బానిసగా పుట్టాడు. తల్లి కాన్పులోనే పోయింది. యజమాని ఫెరియోల్ బెలియే బోమోన్‌కు మొక్కలంటే ప్రాణం. పిల్లవాణ్ని తోటంతా వెంట తిప్పుకునేవాడు. గుమ్మడి జాతి పాదులో మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు ఎలా అంటించాలో చూపించాడు. 1841లో ఒకనాడు, ఎన్నడూ కాయని తన వెనీలా తీగకు రెండు కాయలు ఫెరియోల్‌కు కనిపించాయి. తానే కాయించానన్నాడు పన్నెండేళ్ల ఎడ్మండ్. దొర మొదట నమ్మలేదు. చేసి చూపించమన్నాడు.

కుర్రాడు సన్నటి పుల్లతో ఆ పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అదిమాడు. అంతే. కానీ గుమ్మడిలో రెండు పూలుగా ఉన్నది ఇక్కడ ఒకే పువ్వులో ఉందనీ, మధ్యనున్న తెరే అసలు చిక్కనీ పోల్చుకోవాలంటే ఎంత చూపు కావాలి! నా లెక్కలో అది అచ్చమైన శాస్త్ర పరిశోధన. మన నడిగడ్డ ప్రాంతపు సీడ్ పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దే ఆడవాళ్లను చూసినవారికి ఆ నేర్పు విలువ వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లు దాన్ని క్రాసింగ్ అంటారు. కూలీ రోజు లెక్కన ముడుతుంది, పంట పేరు మాత్రం కంపెనీది.

ఎడ్మండ్‌ను తోట తోటకూ పిలిపించుకుని మిగతా బానిసలకు ఆ పని నేర్పించారు. 1848లో ఆ దీవి నుంచి ఎగుమతైన వెనీలా సుమారు 50 కిలోలు. 1898 నాటికి దాదాపు 200 టన్నులు! ఆ పద్ధతే మడగాస్కర్‌కు పాకింది. ఈనాటికీ అక్కడి తోటల్లో పువ్వు పువ్వునూ మనిషి చేత్తోనే ముట్టుకోవాలి.

1848 డిసెంబర్ 20న దీవిలో బానిసత్వం రద్దయింది. ఎడ్మండ్‌కు అల్బియస్ అనే ఇంటిపేరు దక్కింది, భూమి మాత్రం దక్కలేదు. పట్నం వెళ్లి వంటింట్లో పనికి కుదిరాడు. నగల దొంగతనం కేసులో జైలు పాలయ్యాడు. వెనీలాకు అతను చేసిన మేలును గుర్తుచేస్తూ అర్జీలు పెట్టాకే శిక్ష తగ్గించి వదిలారు. వెనీలా సొమ్ముతో దీవి కళకళలాడుతుంటే అతనికి చిల్లిగవ్వ రాలేదు. 1880 ఆగస్టులో సెయింట్ సుజాన్ ఆసుపత్రిలో దిక్కులేనివాడిలా కన్నుమూశాడు.

కీర్తినీ లాక్కోబోయారు. ఎడ్మండ్ కన్నా ముందే ఈ పద్ధతి తాను దీవిలో చూపించానని క్లాడ్ రిచర్డ్ అనే పేరుమోసిన వృక్షశాస్త్రజ్ఞుడు తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు. అప్పుడు ఫెరియోల్ కలం పట్టాడు. రిచర్డ్ తన మిత్రుడే అయినా, ఈ విద్య కనిపెట్టినవాడు ఎడ్మండేనని 1860ల మొదట్లో రాసిపెట్టాడు. గుమ్మడి పాదు దగ్గర నేర్పిన పాఠం సంగతి కూడా ఆ రాతల వల్లే మనకు తెలిసింది. ఒక మనిషిని సొత్తుగా ఉంచుకున్నవాడే అతని పనికి సాక్ష్యం పలకవలసి వచ్చింది. ఆ రోజుల్లో బానిస మాటకు కాగితం మీద చోటు లేదు.