కెటలిటిక్ కన్వర్టర్ పరీక్ష: ఆక్సిజన్ సెన్సార్ల సాక్ష్యం

పెట్రోలు కారులో కెటలిటిక్ కన్వర్టర్ పనితనాన్ని దాని వెనకున్న ఆక్సిజన్ సెన్సారు చెబుతుంది, అదీ పరోక్షంగానే. ఇంజిన్ వేడెక్కాక కన్వర్టర్‌కు ముందున్న సెన్సారు వోల్టేజి 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది. కన్వర్టర్‌లోని సీరియం ఆక్సైడు ఆక్సిజన్‌ను దాచుకొని, కొరత రాగానే వదులుతుంది గనుక వెనక సెన్సారు 0.6–0.7 వోల్టుల దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి. అదీ ముందుదానిలాగే ఊగితే ఆ నిల్వ శక్తి తగ్గిందని అర్థం. కన్వర్టర్ పనితనం తగ్గిందని చెప్పే పి0420 ఎర్రర్ కోడ్ నమోదయ్యేది ఇందుకే. ముందు ఇలా ఊగని వైడ్‌బ్యాండ్ సెన్సారున్న కార్లలో ఈ పోలిక నేరుగా కుదరదు, వెనకదాని నిలకడనే చూడాలి.

వెనక సెన్సారే చెడి ఉండొచ్చు కదా అనే వాదన ఉంది. కానీ పాతబడిన సెన్సారు సాధారణంగా మందగిస్తుంది, చురుగ్గా ఊగదు. పొగగొట్టం లీకు మాత్రం గట్టి అనుమానమే: బయటిగాలి చొరబడి రీడింగును మార్చేస్తుంది. లీకు, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) లేవని తేల్చుకోకుండా ఖరీదైన కన్వర్టర్‌ను మార్పించవద్దు.