మూడు చక్రాలూ, మధ్యలో గాలీ

మా ఫ్రిస్కోలో జులై నెలంటే సాయంత్రం ఏడయినా రోడ్డు సెగలు కక్కుతూనే ఉంటుంది. అలాంటి ఒక సాయంత్రం ఇద్దరం బండేసుకుని 380 దగ్గర డాలస్ నార్త్ టోల్‌వే ఎక్కాం. బండంటే మూడు చక్రాల మోటార్ సైకిల్, ముందు రెండు, వెనక ఒకటి. రెండు చక్రాలది కొంటానంటే మా ఆవిడ ససేమిరా అంది, నాలుగు చక్రాలది ఇంట్లో ఉండనే ఉంది, మధ్యేమార్గంగా మూడుకి రాజీ పడ్డాం. ఆ రాజీలో వెనక సీటు తనది.

రెండు ఎగ్జిట్లు దాటాక బండి వెనకభాగం మెత్తమెత్తగా ఊగడం మొదలెట్టింది. ఈదురుగాలి అనుకున్నాను. టెక్సస్‌లో గాలికేం కొదవ! మూడో ఎగ్జిట్ వచ్చేసరికి ఆ ఊపు పెరిగి, వెనకనుంచి భుజం గట్టిగా పట్టుకుంది. ఎలాగో షోల్డర్ మీదకి తెచ్చి ఆపాను. వెనక టైరు చెయ్యి పెడితే కాలేలా ఉంది. గేజి పెట్టి చూస్తే 11 పీఎస్ఐ. ఉండాల్సింది 28. పక్కనుంచి డెబ్భై మైళ్ళ మీద బండ్లు పోతుంటే, టైర్లో దిగిన మేకుని చూస్తూ టో ట్రక్కు కోసం నిలబడ్డాం. తను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ భయం వేసింది నాకు.

ఆ నెల మా అమ్మానాన్నలు మా దగ్గరే ఉన్నారు. నాన్న ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్లో ఏళ్ళతరబడి పనిచేశారు. గరాజ్‌లో బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఒరే, ఇంత డబ్బు పోసి కొన్నావు, గాలి తగ్గితే చెప్పదా ఇది?" అన్నారు. చెప్పదు. పక్కనే ఉన్న మా కారు చెబుతుంది. గుర్రపు నాడా మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టినట్టుండే పసుపు దీపం, చలికాలం మొదట్లో వెలిగితే మనం చూసీ చూడనట్టు ఊరుకుంటామే, అది. కారుకున్నది దీనికెందుకు లేదని తవ్వుకుంటూ పోతే కథ చాలా దూరం వెళ్ళింది.

అసలు గాలి టైరు పుట్టిందే మూడు చక్రాల బండి మీద. జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు బెల్‌ఫాస్ట్‌లో ఉండేవాడు. వాళ్ళబ్బాయి ట్రైసికిల్ గట్టి రబ్బరు చక్రాలతో గతుకుల్లో ఎగిరెగిరి పడుతోందని, రబ్బరు గొట్టంలో గాలి నింపి, గుడ్డ చుట్టి, ఆ చక్రాలకి తగిలించాడు. 1888లో పేటెంటు వచ్చింది. తర్వాత రెండేళ్ళకే అది చెల్లదన్నారు, ఎందుకంటే రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఇంకో స్కాట్లండ్ ఆయన 1845లోనే అదే ఆలోచనకి పేటెంటు తీసుకుని ఉన్నాడు. అయినా పేరు డన్‌లప్‌దే నిలిచింది. గాలి నింపడం అలా వచ్చింది. గాలి ఉందో లేదో కనిపెట్టి ఉండటం మాత్రం నూరేళ్ళపాటు మనిషి పనే.

మా నాన్న వాళ్ళ పద్ధతి చెబుతాను. ఆర్టీసీ బస్సుకి వెనక జంట టైర్లుంటాయి. లోపలి టైరు దిగిపోయినా బయటిది మోస్తూనే ఉంటుంది కాబట్టి కంటికి తెలియదు. అందుకని ఇనపరాడ్డుతో ఒక్కొక్క టైరునీ కొట్టి చప్పుడు వింటారు. గాలి ఉంటే కంగుమంటుంది, లేకపోతే చప్పగా 'దబ్' అంటుంది. మన లారీ క్లీనర్లు దాబా దగ్గర దిగగానే చేసేదీ ఇదే. డిపోలో బండ్లు బయల్దేరేముందు నాన్న చేతిలో ఆ రాడ్డు ఉండటం నాకు చిన్నప్పటి జ్ఞాపకం.

కారుకి ఈ పని యంత్రం చేసిపెట్టడం 1986లో పోర్షే 959తో మొదలైందంటారు. కానీ అది కోటీశ్వరుల ముచ్చట. మామూలు కార్లలోకి రావడానికి మాత్రం మనుషులు చావాల్సొచ్చింది. 2000 ఫిబ్రవరిలో మా టెక్సస్‌లోనే, హ్యూస్టన్‌లోని కేహెచ్ఓయూ టీవీ వాళ్ళు ఒక కథనం వేశారు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు వేగంగా పోతుండగా పైపొర ఊడిపోయి, బండ్లు పల్టీలు కొడుతున్నాయని. ఎండ ఎక్కువున్న దక్షిణాది రాష్ట్రాల్లోనే ఎక్కువ. ఆ ఏడాది మే నెలలో రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ దర్యాప్తు మొదలెట్టింది, ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. చివరికి ఆ సంస్థ లెక్కలో చావులు 271.

తప్పెవరిది? ఫోర్డ్ టైరంది, ఫైర్‌స్టోన్ బండంది. మధ్యలో గాలి. ఎక్స్‌ప్లోరర్‌కి ఫోర్డ్ చెప్పిన ప్రెషరు 26, ఫైర్‌స్టోన్ చెప్పమన్నది 30. 26కి ఇంకో ఐదారు తగ్గిందంటే, నిండా మనుషులూ సామానూ, కింద మండే రోడ్డూ, టైరు ప్రతి చుట్టుకీ నలిగి నలిగి వేడెక్కి, లోపలి ఉక్కుపొరల అతుకు వదిలేస్తుంది. హెన్రీ ఫోర్డ్, హార్వీ ఫైర్‌స్టోన్ కాలంనుంచీ దాదాపు వందేళ్ళు సాగిన సావాసం 2001 మేలో తెగిపోయింది.

2000 నవంబరు 1న క్లింటన్ సంతకంతో ట్రెడ్ చట్టం వచ్చింది. టైర్లో గాలి తగ్గితే డ్రైవరుకి తెలిసే ఏర్పాటు ఉండాలని అందులో ఒక నిబంధన. చెప్పినంత తేలిగ్గా అమలుకాలేదు. ఖరీదైన పద్ధతి, ప్రతి చక్రంలో ఒక సెన్సరు. చవకైన పద్ధతి, బ్రేకుల కోసం ఎలాగూ ఉన్న ఏబీఎస్ చక్రాల వేగాన్ని పోల్చడం: గాలి తగ్గిన టైరు చుట్టుకొలత తగ్గి మిగతావాటికన్నా కాస్త ఎక్కువ తిరుగుతుంది. నాలుగూ సమానంగా దిగిపోతే? దానికి తెలియదు. వైట్ హౌస్ బడ్జెట్ కార్యాలయం చవక పద్ధతి వైపు నెట్టింది, 2002లో వచ్చిన నిబంధన కొన్నాళ్ళకి రెంటికీ తలుపు తెరిచింది. పబ్లిక్ సిటిజన్ అనే వినియోగదారుల సంఘం కోర్టుకెళ్ళింది. 2003 ఆగస్టులో న్యూయార్క్‌లోని రెండో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. 2005 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త నిబంధన (138వ నంబరు) ప్రకారం ఒకటయినా, నాలుగూ అయినా, పాతిక శాతం తగ్గితే ఇరవై నిమిషాల్లోగా దీపం వెలగాలి. 2007 సెప్టెంబరుకల్లా కొత్త కార్లన్నిటికీ వచ్చేసింది.

అన్నిటికీ కాదు. మోటార్ సైకిళ్ళకి అక్కర్లేదు. ఇక్కడి కేంద్ర నిబంధనల్లో మోటార్ సైకిల్ నిర్వచనం ఏమిటయ్యా అంటే, నడిపేవాడికి సీటో శాడిలో ఉండి, నేలమీద మూడు చక్రాలకి మించకుండా నడిచే మోటారు బండి. ఆ లెక్కన మన విజయవాడ ఆటో కూడా మోటార్ సైకిలే! నా బండికి మాత్రం ముగ్గురు మనుషుల వెడల్పుంది, టైర్లు చూస్తే కారు టైర్లే. 2000లో చట్టం రాసినవాళ్ళ కళ్ళముందున్నది పల్టీకొట్టిన ఎక్స్‌ప్లోరర్. ముందు రెండు చక్రాల క్యాన్-యామ్ స్పైడర్ బజార్లోకి వచ్చిందే 2007లో. ప్రమాదం ఏ ఆకారంలో వచ్చిందో ఆ ఆకారానికే చొక్కా కుట్టారు.

ఇంకో సంగతి, వెనక ఇరుసుకి జంట టైర్లున్న బండ్లని కూడా ఆ 138 వదిలేసింది. ఇది చదివి వినిపిస్తే నాన్న నవ్వారు. ఆయన రాడ్డుతో వాయించిన బస్సులూ, నా బండీ, రెండూ బయటే.

సరే, మనమే పెట్టుకుందామని బయల్దేరా. వాల్వు మూతలా బిగించే సెన్సర్లు చవక, ఐదు నిమిషాల పని. కానీ రబ్బరు వాల్వు మీద ఆ బరువు వేగంలో అటూ ఇటూ వంగుతుందని భయపడి, లోపల పెట్టేవి తెప్పించాను. మొదటి కిట్టు కార్లది. మూడు సెన్సర్లు నమోదు చేశాక నాలుగోది ఏదీ అని ఒకటే గోల. లేని చక్రానికి అలారం! పైగా అందులో తక్కువ ప్రెషరు హద్దు అన్ని చక్రాలకీ ఒకటే. నా బండి ముందు టైర్లకి ఉండాల్సింది 15, వెనక 28. హద్దు 21 దగ్గర పెడితే ముందు చక్రాలు జీవితాంతం ఏడుస్తాయి, 11 దగ్గర పెడితే ఆ రోజు టోల్‌వే మీద సరిగ్గా ఆగిపోయాకే మోగేది. ఇలాంటి కోడు రాసినవాణ్ణి నేను తిట్టకూడదు, నేనూ రాశాను. అది తిప్పి పంపి, ఒక్కొక్క చక్రానికీ విడిగా హద్దు పెట్టుకునేది కొన్నా.

టైర్ల షాపువాళ్ళు మోటార్ సైకిల్ ముట్టుకోమన్నారు. చక్రం విడిగా తెస్తే చేస్తారట. ముందువి కారు చక్రాల్లాగే నట్లు విప్పితే ఊడొచ్చాయి. వెనకదానికి ఇరుసు లాగి, బెల్టు వదులు చేసి, మళ్ళీ బిగించేటప్పుడు బెల్టు పక్కకి పోకుండా సరిచూసుకోవాలి. నేనూ నాన్నా ఒక శనివారం మొత్తం దానికే. షాపులో టైరు అంచు వదిలించేటప్పుడు వాల్వుకి ఎదురు వైపునుంచి మొదలెట్టమని దగ్గరుండి చెప్పాను, లేకపోతే కొత్త సెన్సరు కాస్తా మిషను కింద నలిగిపోతుంది. బ్యాలెన్సింగ్ మళ్ళీ చేయించాల్సిందే.

హద్దులు ఎంత పెట్టాలనేదే అసలు పని. ఇక్కడ చలిగాలి దిగితే ఒక్క రాత్రిలో నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోవడం ఉంది. లెక్కేస్తే 35 ఉన్న కారు టైరు నాలుగు దాకా కోల్పోతుంది, అంటే పదీ పదకొండు శాతం. 15 ఉన్న నా ముందు టైరు కోల్పోయేది రెండే, కానీ శాతంలో అది పదిహేను. గాలి తక్కువున్న టైరుకి చలి ఎక్కువ తగులుతుందన్నమాట. ముందు 12, వెనక 23 పెట్టాను. వెనకది కావాలనే బిగువుగా. డిసెంబరులో ఒకట్రెండు పొద్దుళ్ళు ఉత్తినే మోగితే మోగనీ.

బండి దించాక నాన్న గరాజ్‌లో దొరికిన స్పానర్‌తో వెనక టైరుని రెండుసార్లు కొట్టి చెవి పెట్టారు. "ఇది పలకదురా, గోడ మరీ పొట్టి," అన్నారు. సెన్సరు బండి కదిలితే గానీ మేలుకోదు, బ్యాటరీ ఆదా. అందుకని వీధి చివరదాకా ఒక చుట్టు తిప్పుకొచ్చాను. తెరమీద 15, 15, 28 వచ్చాయి. నాన్న జేబులోంచి గేజి తీసి మూడూ మళ్ళీ కొలిచారు. వెనకది ఇరవై ఏడున్నర అన్నారు.

మా ఆవిడ వచ్చే శనివారం ఎక్కుతానంది, టోల్‌వే మీదకి మాత్రం కాదట. ప్రెస్టన్ రోడ్డు చాలంది.